పటాలపు మాట, పల్లె మాట
(గోదావరి గట్టు నుండి మానుకోట వరకు సైనికోద్యోగులూ మన సాక్ష్యమూ)

మన జిల్లాలలో "మిలిట్రీ" అనే మాటకు రెండు అర్థములు ఉన్నవి. మూడవది కూడా ఒకటి ఉన్నది గాని, అది మాంసము వండే హోటలుకు సంబంధించినది; దానిని పక్కన పెడదాము. మొదటి అర్థము రైలు స్టేషనులో వినబడుతుంది. జనగామలోనో, మహబూబాబాదులోనో, దోర్నకల్ జంక్షనులోనో నల్ల ట్రంకు పెట్టె, చుట్టిన పరుపు దించుకొని ఒక యువకుడు దిగుతాడు. "మా వాడు మిలిట్రీలో ఉన్నాడు అయ్యగారూ, ప్రార్థన చెయ్యండి" అని తల్లి అంటుంది. ఆ మాటలో గర్వము ఉన్నది, భయము ఉన్నది, విశ్వాసము కూడా ఉన్నది. రెండవ అర్థము ముసలివారి నోట వినబడుతుంది. "మిలిట్రీ వచ్చిన ఏడు" అని వారు లెక్క చెపుతారు. ఆ లెక్కలో గర్వము లేదు.

ఈ శతవార్షిక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసము వ్రాయుమని పెద్దలు మమ్మును అడిగినప్పుడు, దేవాలయముల నిర్మాణమును గూర్చియో, బడుల సంఖ్యను గూర్చియో వ్రాయవచ్చునని మొదట తలచితిమి. అవి ఇతర సోదరులు మాకంటె బాగుగా వ్రాయగలరు. మేము ఈ రెండు అర్థముల మధ్య మన సంఘము ఎలా నడిచి వచ్చినదో చెప్పదలచుకొన్నాము. సువార్త మన ప్రాంతమునకు ప్రసంగ పీఠము నుండి రాకముందే సంభాషణలో వచ్చినది. ఆ సంభాషణ మొదలుపెట్టినవారిలో సైనికోద్యోగులు ఉన్నారు. ఈ సంగతి మన సండేస్కూలు పిల్లలకు తెలియదు. మాకు సైతము సికింద్రాబాదులో వేదాంత విద్య చదువుకొనే రోజులలో, గ్రంథాలయములో వేరొక పుస్తకము వెదకుచుండగా తెలిసినది.

గోదావరితో మొదలుపెట్టుదము.

ధవళేశ్వరము ఆనకట్ట 1847లో ప్రారంభమై 1852లో ముగిసినదనియు, కట్టించినది ఆర్థర్ కాటన్ దొరగారనియు తెలుగు నేలపై చిన్న పిల్లవానికి కూడా తెలుసును. ఆయన ఇంజనీరు అని అందరూ అంటారు. ఆయన సైనికుడు అని కొద్దిమందే జ్ఞాపకముంచుకొంటారు. మద్రాసు ఇంజనీర్లు అనే సైనిక దళమునకు చెందిన అధికారి ఆయన. ఆ రోజులలో కాలువలు, రోడ్లు, వంతెనలు వేసినవారు ఎక్కువమంది యూనిఫారము ధరించినవారే. కాటన్ గారి కింద పని నేర్చుకొన్న చిన్న అధికారి ఒకరున్నారు. ఆయన పేరు ఫ్రెడరిక్ థామస్ హేగ్. కోనసీమలో గన్నవరము దగ్గర గోదావరి పాయ మీదుగా కాలువ నీటిని దాటించిన 49 ఖానాల అక్విడెక్టు ఈ హేగ్ గారి చేతిపనియే. అప్పటికాయన లెఫ్టినెంటు మాత్రమే. ఆ కట్టడము నూటయేబది యేండ్ల దాకా పని చేసినది.

డెల్టా పని ముగిసిన తరువాత కాటన్ గారి కన్ను ఎగువ గోదావరిపై పడింది. మధ్య పరగణాల ప్రత్తిని పడవలపై సముద్రమునకు దించవలెనని ఆలోచన. నది మధ్య రాళ్లు పడవలను అడ్డగించేవి. అటువంటి అడ్డంకులు ముఖ్యముగా మూడు. మొదటిది భద్రాచలమునకు పైన దుమ్ముగూడెము దగ్గర. రెండవది ఇంచంపల్లి దగ్గర; అది ఇప్పుడు మన జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో మహాదేవపూర్ వైపు ఉన్నది. మూడవది ప్రాణహిత నది మీద. ఆనకట్టలు, లాకులు, పక్క కాలువలు కట్టి పడవలను ఈ అడ్డంకులు దాటించవలెనని పథకము. కుడిగట్టు నైజాము రాజ్యము. ఎడమగట్టున భద్రాచలము, రేకపల్లి ప్రాంతములను నైజాము 1860లో ఆంగ్లేయులకు ఒప్పగించెను. పని నడిపించుటకు వచ్చినవారు హేగ్ గారు.

ఆ అడవిని ఇప్పటి రోడ్ల మీద బస్సులో పోయేవారు ఊహించలేరు. ఎండాకాలము రాళ్లు మండుతవి, వానకాలము జ్వరము పట్టుకొంటుంది. కూలీలు మైదాన ప్రాంతముల నుండి వచ్చి జ్వరముతో పారిపోయేవారు. చుట్టుపట్ల ఉన్నది కోయలు. అధికారులు కోయలను దారి చూపుటకు పిలుచుకొనేవారు, పనికి పిలుచుకొనేవారు. "వీరు ఎవరు, వీరికి సువార్త ఎవరు చెపుతారు?" అని ఆలోచించినవాడు హేగ్ గారు. ఆయన గురువు కాడు, బోధకుడు కాడు, ఆయనకు అభిషేకము లేదు. పని ముగిసిన సాయంకాలము తోటి అధికారులు కొందరితో కలిసి వాక్యము చదువుకొని ప్రార్థన చేసుకొనే అలవాటు మాత్రము ఉన్నది.

ఆ పనిలోనే ఐ. వేంకటరామరాజు అనే తెలుగు ఉద్యోగి ఒకాయన ఉండేవారు. ఆఫీసు పని మీద రోజూ హేగ్ గారిని కలిసేవారు. లెక్కలు, సరుకులు, కూలీల బత్తెములు ఇవి వారి మధ్య మాటలు. ఆ మాటల మధ్యనే మరొక మాట వచ్చినది. అది ఏ దినమున వచ్చినదో, మొదట ఎవరు ఏమి అడిగిరో ఊహించి కథ అల్లుట మాకు ఇష్టము లేదు. ఫలితము మాత్రము మనకు తెలుసును. రాజుగారు ప్రభువును నమ్మి బాప్తిస్మము పొందిరి. అంతటితో ఆగలేదు. సర్కారు ఉద్యోగము, జీతము విడిచి, కోయల మధ్య సువార్తపనికి తమ్మును తాము సమర్పించుకొనిరి. 1860 దశకపు మొదటి సంవత్సరములలో దుమ్ముగూడెము మిషను ఈ విధముగా ఆరంభమైనది. చర్చి మిషనరీ సొసైటీవారు దానిని చేపట్టిరి. రాజుగారు తరువాత గురువుగా అభిషేకింపబడిరి. 1870 దశకములో జాన్ కెయిన్ దొరగారు వచ్చి ఆ పనిని చాలా కాలము సాగించిరి. కోయల జీవితమును గూర్చి ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో ఆయన వ్రాసిన వ్యాసములను పండితులు ఇప్పటికిని చూస్తారు.

ఎగువ గోదావరి పథకము ఏమైనదని మీరు అడుగవచ్చును. లక్షల పౌన్లు ఖర్చు చేసి 1871లో పని నిలిపివేసిరి. అప్పటికే రైలు వచ్చుచున్నది, పడవలతో పని ఏమున్నది అని ప్రభుత్వము వారి వాదన. ఆ విధముగా సైనికులు కట్టదలచినది అసంపూర్తిగా నిలిచిపోయినది. సాయంకాలపు సంభాషణలో మొదలైనది మాత్రము నిలిచినది. హేగ్ గారు జనరల్ హోదా వరకు పోయి, ఉద్యోగ విరమణ తరువాత 1886లో అరేబియా తీరములు తిరిగి అక్కడ సువార్త పనికి మార్గము వెదకిరి. వేంకటరామరాజుగారి పేరు మాత్రము మన పిల్లల పుస్తకములలో లేదు. మాకు ఇందులో కొంత బాధ ఉన్నది. దొరగారి జీవిత చరిత్రను ఆయన భార్య వ్రాసి అచ్చువేయించినది. మన రాజుగారి చరిత్రను వ్రాయవలసినవారము మనము.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. దానిని దాటవేయుట న్యాయము కాదు. హేగ్ గారు పై అధికారి, రాజుగారు కింది ఉద్యోగి. పై అధికారి తన మతమును గూర్చి మాట్లాడినప్పుడు కింది ఉద్యోగి స్వేచ్ఛగా వినగలడా? ఇది ఈ కాలపు ప్రశ్న మాత్రమే కాదు. ఆ కాలములోనే పెద్ద గొడవ అయినది. 1857లో బారక్‌పూరులో మంగళ్ పాండే ఉన్న 34వ పటాలమునకు కల్నల్ వీలర్ అనే ఆయన అధికారి. ఆయన బజారులో, పటాలములో సిపాయిలతో సువార్త మాట్లాడేవాడు. సిపాయిలకు కలిగిన అనుమానములకు ఇదియు ఒక కారణమని ఆయనపై నింద వచ్చినది. సిపాయిల మతము జోలికి పోరాదని కంపెనీ ప్రభుత్వము మొదటినుండియు హెచ్చరించుచునే వచ్చినది. వారికి సువార్త మీద ద్వేషము కంటె పటాలము చెదరిపోవునని భయము ఎక్కువ. క్రైస్తవులమైన మనము వీలర్ గారి ఉత్సాహమును మెచ్చుకొనవచ్చును గాని, సిపాయి స్థానములో నిలిచి ఆలోచించినచో ఆ భయము అర్థమగును. ఆజ్ఞ ఇచ్చే నోటితోనే సువార్త వచ్చినప్పుడు, అది కూడా ఆజ్ఞవలె వినబడును.

మరి హేగ్ గారి మాట ఎందుకు ఆజ్ఞవలె వినబడలేదు? మేము ఎంతో ఆలోచించితిమి. మాకు తోచినది ఇది. రాజుగారు క్రైస్తవుడైనందువలన ఉద్యోగములో పైకి పోలేదు, ఉద్యోగమును వదులుకొనిరి. అధికారిని సంతోషపెట్టుటకు నమ్మినవాడు అధికారి దగ్గరనే ఉండిపోయెడివాడు. ఆయన అధికారిని విడిచి కోయగూడెమునకు పోయిరి. ఒకని విశ్వాసము నిజమైనదా కాదా అని చూచుటకు ఇంతకంటె మంచి గురుతు మాకు తెలియదు.

పాత నిబంధనలో సిరియా సైన్యాధిపతి నయమాను ఇంట ఒక ఇశ్రాయేలు చిన్నది ఉండెను. దండు దోచుకొని తెచ్చిన బాలిక. ఆమె తన యజమానురాలితో, పనిచేయుచు, ఒక్క మాట అన్నది: షోమ్రోనులోని ప్రవక్త దగ్గరకు అయ్యగారు పోయినచో బాగుపడుదురని. బోధ చేయలేదు, వాదించలేదు. ఆ మాట ఇంటిలో నుండి సైన్యాధిపతికి, సైన్యాధిపతి నుండి రాజుకు చేరినది. ఇక్కడ అధికారము తారుమారైనది. మాట్లాడినది బానిస, విన్నది సేనాపతి. దుమ్ముగూడెములో మాట్లాడినది అధికారి, విన్నది కిందివాడు. రెండు చోట్లను మాట నిలిచినది. మన గ్రామ స్త్రీలు పొలములో కలుపు తీయుచు, "అక్కా, మా పాస్టరమ్మ ప్రార్థన చేస్తే మా బిడ్డకు జ్వరం తగ్గింది" అని చెప్పుకొనేది మొదటి జాతికి చెందిన సాక్ష్యము. మా గురుత్వ కాలములో సంఘములోనికి వచ్చిన వారిని, "నీవు మొదట ఎవరి దగ్గర విన్నావు?" అని అడిగినప్పుడు, మా ప్రసంగము పేరు చెప్పినవారు చాల తక్కువ. మొదట మాకు కొంచెము చిన్నతనముగా ఉండెడిది. ఇప్పుడు అలవాటైనది.

ఈ సంగతిని మన మొదటి బిషప్పుగారు మాకంటె ముందే ఎరుగుదురు. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించిరి. ఆ సొసైటీ పని దోర్నకల్‌లో మొదలైనది. వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు వై.ఎం.సి.ఎ. కార్యదర్శి పనిని విడిచి 1909లో దోర్నకల్ వచ్చిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు ఆయనయే. కొత్తగా బాప్తిస్మము పొందినవారు తమ తలపై చేతులుంచుకొని, నేను బాప్తిస్మము పొందిన క్రైస్తవుడను, సువార్త చెప్పకపోయినచో నాకు శ్రమ అని పలుకునట్లు ఆయన అలవాటు చేసిరి. తల మీద చేయి పెట్టుకొని చెప్పుట మన పల్లెలలో ఒట్టు పెట్టుకొనుట గదా! చదువురాని కూలివానికి కూడా అది అర్థమైనది. సాక్ష్య వారమునందు ఊరి సంఘమంతయు గుంపులుగా ఇరుగుపొరుగు ఊళ్లకు పోయి తమకు తెలిసినంత మట్టుకు చెప్పేవారు. ఇవన్నియు బిషప్పుగారు గదిలో కూర్చుండి కనిపెట్టినవి కావు. మాదిగ, మాల పల్లెలలో సువార్త ఎలా పాకుచున్నదో చూచి, ఆ పాకుటకు ఒక క్రమము ఇచ్చిరి.

వై.ఎం.సి.ఎ. అన్నందున మరొక మాట. మొదటి ప్రపంచయుద్ధములో భారతీయ సిపాయిలు ఫ్రాన్సుకు, మెసపొటేమియాకు పోయినప్పుడు భారతీయ వై.ఎం.సి.ఎ. వారు వారితో పోయిరి. కె.టి. పాల్ గారి వంటివారు ఆ పని నడిపించినవారు. ఫ్రాన్సులో ప్రభుత్వము పెట్టిన షరతు ఏమనగా, సిపాయిలకు మతబోధ చేయరాదు. సరే అని ఒప్పుకొని పోయిరి. టీ ఇచ్చిరి, ఆటలు ఆడించిరి, చదువురాని సిపాయి చెప్పుచుండగా ఇంటికి ఉత్తరము వ్రాసిపెట్టిరి. మన సోదరులు కొందరు ఇటువంటి పనిని "సువార్త లేని సేవ" అని తేలికగా మాట్లాడుచుందురు. మేము వారితో ఏకీభవించము. వేల మైళ్ల దూరములో చావు పక్కన కూర్చున్నవాడు తన భార్యకు చెప్పే మాటను నమ్మకముగా కాగితము మీద పెట్టుట చిన్న పని కాదు.

సికింద్రాబాదును గూర్చి ఎక్కువ చెప్పము. అది వేరే అధ్యక్ష ఖండమువారి చరిత్ర. అయినను మన పల్లెలవారు ఆ ఊరిని నేటికిని లష్కర్ అనుచున్నారు. అనగా దండు. 1806లో కంటోన్మెంటు ఏర్పడినది, 1813లో సెయింట్ జాన్స్ దేవాలయము దండువారి కొరకు కట్టబడినది. మెదకు దేవాలయమును కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ గారు 1895లో సికింద్రాబాదులో దిగినప్పుడు ఆయన మొదటి పని ఆంగ్లేయ సైనికుల మధ్యనే. దండు లేకపోతే ఈ ప్రాంతమునకు మిషనరీలు మరికొంత ఆలస్యముగా వచ్చెడివారని అనుకొనవచ్చును. విద్యార్థిగా ఉన్నప్పుడు మేము కంటోన్మెంటులోని పాత దేవాలయములకు పోయి గోడల మీది ఫలకములు చదివెడివారము. జ్వరముతో చనిపోయిన లెఫ్టినెంట్లు, వారి పసిపిల్లలు. మేము చదివినంత మట్టుకు ఒక్క తెలుగు సిపాయి పేరు కనబడలేదు. ఉత్తర దేశములో సిపాయికి "తెలింగా" అని పేరు పడుటకు కారణమైన జాతి మనది!

ఇక రెండవ అర్థమునకు రావలెను.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యము నైజాము రాజ్యములో ప్రవేశించినది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరిగారు సేనాని. అయిదు దినములలో నైజాము లొంగిపోయెను. రజాకార్ల భయములో ఉన్న మన ఊళ్లలో ప్రజలు సైనికులకు హారతులిచ్చినారని పెద్దలు చెప్పగా మేమును విన్నాము. అది నిజము. తరువాత జరిగినది కూడ నిజము. జనగామ తాలూకా అప్పటికే రైతు పోరాటపు గడ్డ. కడవెండిలో దొడ్డి కొమరయ్య 1946 జులై 4న విసునూరు దేశముఖు మనుషుల తుపాకీకి బలియైనప్పటినుండి అక్కడ మంట ఆరలేదు. నైజాము పోయిన తరువాత సైన్యము, పోలీసులు కమ్యూనిస్టు దళముల కొరకు పల్లెలపై పడిరి. 1951 అక్టోబరులో పోరాటము విరమించువరకు ఇది సాగినది. అడవి ప్రాంతములలో కోయ పల్లెలను ఖాళీ చేయించి శిబిరములలో చేర్చిరి. అన్నము పెట్టినవానిని పట్టుకొనిరి, పెట్టనివానిని కూడ పట్టుకొనిరి. మన సంఘస్థులు ఎక్కువమంది భూమి లేని కూలీలు. రాత్రి దళము వచ్చి అన్నము అడిగేది, పగలు మిలిట్రీ వచ్చి ఎందుకు పెట్టినావని అడిగేది.

ఆ సైన్యములో కూడ క్రైస్తవులు ఉండియుందురు. ఆ సంగతి మమ్మును చాల కాలము కలవరపెట్టినది.

మా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకొనవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట మేము మహబూబాబాదు వైపు ఒక పాస్టరేటులో ఉంటిమి. సంఘములో ముగ్గురు యువకులు సైన్యములో ఉండిరి, ఒక మాజీ సైనికుడు ఉండెను. డిసెంబరు 7 సాయుధ దళముల పతాక దినము. 1949 నుండి జరుగుచున్నది. దానికి దగ్గరి ఆదివారము వారిని సన్మానించవలెనని ఉత్సాహముగా ఏర్పాటు చేసితిమి. దండలు, శాలువలు తెప్పించితిమి. వారు ప్రభువు సేవకుల వంటివారని, కొర్నేలీ శతాధిపతి వలె భక్తిపరులని దీర్ఘముగా ప్రసంగించితిమి. ప్రసంగము మధ్యలో ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలమ్మ లేచి బయటకు పోయెను. ఆమె ఎన్నడును ఆరాధన మధ్యలో లేచినది కాదు. దాహమైనదేమో అనుకొంటిమి.

సాయంత్రము ఆమె ఇంటికి పోయితిమి. ఆమె మాకు టీ ఇచ్చి చెప్పినది ఇంతే. "అయ్యా, మా నాయినను మిలిట్రోళ్లు తీస్కపోయిన్రు. నాకు అప్పుడు ఏడెనిమిదేండ్లు. తిరిగొచ్చిండు గాని మళ్ల నాగలి పట్టలే. మీరు శాలువ కప్పిన పోరగాళ్లు మంచోళ్లే, నా చేతుల మీద పెరిగినోళ్లే. గాని గుళ్లె ఆ మాట వినలేకపోయిన."

మేము ఏమి చెప్పగలము? చరిత్ర చదివియు, ఆ గ్రామములో ఉండియు, అడుగకుండనే శాలువలు తెచ్చితిమి. సన్మానము తప్పు కాదు. ఊరి జ్ఞాపకమును అడుగకుండ చేయుట తప్పు. సైనికుని గౌరవించునప్పుడు సైన్యము చేసిన ప్రతి పనిని దేవుని పని అని చెప్పవలసిన అవసరము లేదు. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు సైనికులు వచ్చి మేమేమి చేయవలెనని అడిగినప్పుడు, ఆయన వారిని ఉద్యోగము మానుమనలేదు, పొగడనూ లేదు. ఎవరినీ బాధపెట్టి దోచుకొనవద్దని, తమ జీతముతో తృప్తిపడుమని చెప్పెను. ఆ సైనికులు మరుసటి దినము ఏ ఊరికి పోయెదరో ఆ ఊరి ప్రజలు యోహాను మనస్సులో ఉన్నారు. మా ప్రసంగములో వారు లేరు.

ఆ మాజీ సైనికునితో ఈ సంగతి చెప్పవలెనా వద్దా అని వారము దినములు ఆలోచించితిమి. చివరకు చెప్పితిమి. ఆయన కొంతసేపు మౌనముగా ఉండి, తాను ఈశాన్య రాష్ట్రములలో పని చేసిన రోజులలో ఒక ఇల్లు సోదా చేసిన సంగతి చెప్పెను. ఆ ఇంటి గోడ మీద సిలువ ఉండెనట. తలుపు తెరచిన స్త్రీ ఆయన మెడలోని సిలువను చూచి, ఆయన ముఖమును చూచి, ఏమియు అనలేదట. "అయ్యగారూ, ఆమె తిడితే మరచిపోయేవాడిని" అన్నాడు. ఇరువది యేండ్లకు పైగా ఆ సంగతి ఎవరికిని చెప్పలేదట. మన సైనికులకు మనము శాలువ కప్పుచున్నాము గాని, వారు చెప్పదలచినది వినుటకు కూర్చున్నామా అని మాకు ఆ దినము సందేహము కలిగినది.

ఇప్పటి మాట కూడ కొంత చెప్పవలెను. మన ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ఏర్పడినవి. జనగామ, మహబూబాబాదు మెట్ట పొలముల నుండి, భూపాలపల్లి బొగ్గు గనుల కాలనీల నుండి పదో తరగతి, ఇంటరు చదివిన పిల్లలు సైన్యములో చేరవలెనని తెల్లవారుజామున రోడ్డు వెంబడి పరుగెత్తుచుందురు. వారిలో దేశభక్తి ఉన్నది, జీతము ఆశ ఉన్నది, ఇంటి అప్పు కూడ ఉన్నది. ఈ మూడింటిలో ఏదియు సిగ్గుపడదగినది కాదని మా అభిప్రాయము. 2020 జూన్ 15 రాత్రి గాల్వాన్ లోయలో కల్నల్ సంతోష్ బాబుగారు, మరి పందొమ్మండుగురు ప్రాణములర్పించినప్పుడు పొరుగున ఉన్న సూర్యాపేట ఎలా ఏడ్చినదో అందరమును చూచితిమి. ఆయనకు మరణానంతరము మహావీర చక్రము ఇచ్చిరి. ఆ వారము మన సంఘములలో సైనికుల తల్లులు ప్రార్థన చేసినప్పుడు వారి గొంతు వేరుగా ఉండెను.

సెలవు మీద వచ్చిన యువకులను మేము ఒకటి అడుగుచుందుము: అక్కడ ఆరాధన ఎలాగు? సైన్యములో క్రైస్తవుల కొరకు పాద్రీలు ఉన్నారు. వారు కూడ సైనిక హోదా కలిగిన మతబోధకులే. పాద్రీ లేని చోట సర్వధర్మ స్థల్ ఉన్నది. ఒకే కప్పు కింద అన్ని మతములవారును. "మా గుడిలో కంటే అక్కడ ఎక్కువ ప్రార్థన చేస్తాను అయ్యగారూ" అని ఒకడు నవ్వుచు చెప్పెను. మంచు కొండ మీద తోటి సైనికుడు, పంజాబీ, రాత్రి కాపలాలో అతనిని అడిగెనట, "నీవు రోజూ కళ్లు మూసుకొని ఎవరితో మాట్లాడుతావు?" అని. ఇతడు వచ్చీరాని హిందీలో చెప్పెనట. పంజాబీ సోదరుడు తన గురువులను గూర్చి చెప్పెనట. తెల్లవారేవరకు నిద్ర రాలేదట. ఇక్కడ ఎవరును ఎవరికి పై అధికారి కాదు. చలి ఇద్దరికిని సమానమే.

మన తెలుగువారికి ధన్యవాదములు అని నోటితో చెప్పుట అంతగా అలవాటు లేదు. పుస్తకములలో వ్రాస్తాము, సభలలో చివర చెపుతాము. ఇంటిలో ఎవరు ఎవరికి చెప్పుకొన్నారు? కృతజ్ఞతను మనము వేరే విధముగా చెప్పుకొందుము. స్టేషనుకు ఎదురు పోయి పెట్టె అందుకొందుము, కోడిని కోస్తాము, తిరిగి పోవునపుడు సకినాలు డబ్బాలో పోసి ఇస్తాము. మాజీ సైనికుని పెన్షను కాగితము ఆగిపోతే హనుమకొండలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు వెంట పోయి మాట్లాడివచ్చుట కూడ ఆ జాతికి చెందినదే. ఆ సన్మానసభ తరువాత మేము శాలువలు తెప్పించుట మానివేసి, ఇటువంటి పనులు కొన్ని చేయుచున్నాము. గొప్పకు చెప్పుట లేదు. అర్జీ వ్రాయుట మాకు చేతనైన పని.

అజరయ్య బిషప్పుగారు కట్టించిన దోర్నకల్ ఎపిఫనీ దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడినది. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే రెండవ ప్రపంచయుద్ధము మొదలైనది. బిషప్పుగారు యుద్ధము ముగియక ముందే, 1945 జనవరి 1న ప్రభునందు నిద్రించిరి. ఆ దేవాలయములో గుమ్మటములున్నవి, మండపపు స్తంభములున్నవి, ఈ దేశపు గుడుల, మసీదుల రూపములు కలిసియున్నవి. దాని పక్కనుండియే కాజీపేట, బెజవాడ మార్గము పోవుచున్నది. నైజాము రైలు 1889 నాటికి బెజవాడ చేరినది. ఎందరు సైనికులు ఆ కిటికీలలోనుండి ఆ గుమ్మటములను చూచుచు పోయినారో!

క్రిందటి క్రిస్మసునకు ముందు మేము ఆ పాత పాస్టరేటుకు ఒక పెండ్లి నిమిత్తము పోయితిమి. ఆ ముసలమ్మ ఇప్పుడు మంచము మీదనే ఉన్నది. చూచుటకు పోగా, సెలవు మీద వచ్చిన యువకుడొకడు అప్పటికే ఆమె కాళ్ల దగ్గర కూర్చుండి నారింజపండు ఒలిచి పెట్టుచున్నాడు. మేము శాలువ కప్పినవారిలో ఒకడు. ఆమె మమ్మును చూచి గుర్తుపట్టి, "అయ్యా, వీనికి ప్రార్థన చెయ్యి. రేపు బండికి పోతుండు" అన్నది. ఆమె చెయ్యి అతని తల మీదనే ఉన్నది. మేము పక్కన మోకరించితిమి.